గాబరా తగ్గడానికి వాడే మందులు: సైడ్ ఎఫెక్టులు, అలవాటు భయం, మానేయడం – తరచుగా అడిగే ప్రశ్నలు

సూర్యారావుపేటలో మందుల షాపు కౌంటర్ వెనక నిలబడి ఏళ్లుగా వింటున్న ప్రశ్నలివి. విజయవాడ వాళ్లు అడిగేవీ ఇవే, గుంటూరు కొత్తపేట ఆసుపత్రుల చీటీ పట్టుకుని వచ్చేవాళ్లు అడిగేవీ ఇవే. నేను ఫార్మసిస్టుని, డాక్టరుని కాదు. మీ డోసు ఎంత ఉండాలి, ఎప్పుడు మార్చాలి అన్నది ఇక్కడ వెతకొద్దు. ఏ మందు ఒంట్లో ఏం చేస్తుంది, దేనికి భయపడాలి, దేనికి అక్కర్లేదు అన్నది మాత్రం చెప్పగలను. చాలామంది భయపడాల్సిన బిళ్ళని ధైర్యంగా ఏళ్ల తరబడి మింగుతారు, భయపడక్కర్లేని బిళ్ళని వారం తిరక్కుండా పారేస్తారు. అది చూసి చూసి ఇది రాస్తున్నాను.

ఈ మందులు అలవాటు పడతాయా? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో కుదరదు. ఆందోళనకి ఎక్కువగా రాసేవి రెండు వేరువేరు జాతుల మందులు, వాటి నడవడికే వేరు.

మొదటి రకం ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్, పరాక్సెటిన్, ఫ్లుయోక్సెటిన్ లాంటివి. వీటిని ఎస్ఎస్ఆర్ఐలు అంటారు. మెల్లగా పనిచేస్తాయి, వేసుకున్న గంటకి ఏ హాయీ తెలియదు, మత్తు ఉండదు, ఇంకోటి వేసుకుందామన్న ఆత్రం పుట్టదు. అసలు చికిత్స అంటే ఇదే. వ్యసనం చేసే గుణం వీటికి లేదు. కానీ చాలా వారాలు వాడాక ఠక్కున ఆపితే ఒళ్లు గోల చేస్తుంది, దాని సంగతి కింద చెప్తాను.

రెండో రకం ఆల్‌ప్రజోలం, క్లోనజిపామ్, లొరాజిపామ్, డయజిపామ్. ఇవి బెంజోడయజిపైన్లు. ఎటిజోలం కూడా పనితీరులో వీటి తమ్ముడే. గంటలోపే గుండె దడ దిగుతుంది, ఒళ్లు తేలికవుతుంది, నిద్ర పడుతుంది, అందుకే జనానికి నచ్చేది ఇదే. అలవాటు పడేదీ ఇదే. అందుకే రెండు నుంచి నాలుగు వారాలకి మించకుండా, ఎస్ఎస్ఆర్ఐ పని మొదలుపెట్టేవరకు ఆసరాగా వాడటం మంచి పద్ధతి. అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో ఈ జాతి మందులన్నిటి మీదా అలవాటు గురించి, ఆపినప్పుడు వచ్చే ప్రమాదం గురించి ఉన్న హెచ్చరికని ఇంకా గట్టిగా రాయించింది.

నా చీటీలో ఉన్నది ఏ రకమో నాకెలా తెలుస్తుంది?

అట్ట తిప్పి చూడండి. కంపెనీ పెట్టిన పేరుని వదిలేయండి. దాంతోపాటే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటుంది. కళ్లజోడు లేకపోతే ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి.

ఇక్కడే మన దగ్గర ఒక చిక్కుంది. రెండు జాతులూ కలిపి ఒకే బిళ్ళగా అమ్ముతారు. ఎసిటలోప్రామ్ 10, క్లోనజిపామ్ 0.5 కలిసిన బిళ్ళ చాలా చీటీల్లో కనిపిస్తుంది. మింగేవాళ్లకి ఒకటే బిళ్ళ, లోపల మాత్రం రెండు మందులు. "ఈ బిళ్ళ వేసుకున్న మొదటి రోజే బాగైపోయింది సార్, భలే మందు" అంటారు, ఆ మొదటి రోజు పనిచేసింది క్లోనజిపామ్. ఆరు నెలలయ్యాక "మానేస్తే నిద్ర పట్టడం లేదు, ఎసిటలోప్రామ్ అలవాటైపోయింది" అంటారు, అలవాటైంది ఎక్కువగా ఆ రెండోదే. తగ్గించాల్సి వచ్చినప్పుడు కూడా తంటానే, ఒకదాన్ని ఉంచి ఒకదాన్ని దించడం కలిసిన బిళ్ళతో కుదరదు. నా మట్టుకు నేను ఈ కలిపిన బిళ్ళలు నెలల తరబడి వాడే పద్ధతి మంచిది కాదనే అంటాను. మీ అట్ట మీద రెండు పేర్లుంటే, తర్వాతిసారి డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు "ఇందులో క్లోనజిపామ్ నాకింకా కావాలా? రెండూ విడివిడిగా రాస్తారా?" అని అడగండి. ఏ డాక్టరూ దానికి కోప్పడరు.

మందు మొదలుపెట్టాక గాబరా ఇంకా పెరిగింది. నాకు పడలేదా?

చాలామంది మానేసేది సరిగ్గా ఇక్కడే. ఎస్ఎస్ఆర్ఐ మొదలుపెట్టిన మొదటి వారం, పది రోజుల్లో కొందరికి దడ, చిరాకు, నిద్ర చెదరడం, ఒకచోట కూర్చోలేకపోవడం ఎక్కువవుతాయి. మందు వికటించినట్టు అనిపిస్తుంది కానీ, మెదడు ఆ కొత్త మందుకి సర్దుకునే దశ అది. అసలు ఫలితం కనపడటానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంటే ముందు ఇబ్బందులొస్తాయి, లాభం తర్వాత వస్తుంది. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి పంపితే సగం మంది మందు మానరు.

అందుకే చాలామంది డాక్టర్లు ఎసిటలోప్రామ్‌ని 5 ఎంజీతో మొదలుపెట్టి తర్వాత 10కి పెంచుతారు. "తక్కువ పవర్ ఇచ్చారు, ఇదేం పనిచేస్తుంది" అని రెండు బిళ్ళలు వేసుకోకండి. ఓర్చుకోలేనంతగా ఉంటే డాక్టరుకి ఫోన్ చేస్తే డోసు తగ్గిస్తారు, లేదా కొద్ది రోజులకి ఇంకేదైనా తోడిస్తారు.

ఒక మాట మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఇరవై ఐదేళ్లలోపు వాళ్లలో మొదటి వారాల్లో, డోసు మార్చినప్పుడు, చనిపోవాలన్న ఆలోచనలు పెరిగే అవకాశం ఉందని హెచ్చరిక ఉంది. ఇంటర్ పిల్లాడు హాస్టల్లో ఉంటూ ఈ మందు మొదలుపెడితే, ఆ వారాల్లో ఇంటికి తెచ్చుకోండి, లేకపోతే అమ్మో నాన్నో వెళ్లి దగ్గర ఉండండి. వార్డెన్‌కి చెప్పి ఊరుకోవడం చాలదు. క్లాసులు పోతాయి అంటారా, పోనివ్వండి.

వికారం, విరేచనాలు, తలనొప్పి. ఏం చేయాలి?

ఇవే మామూలుగా వచ్చేవి, ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ఖాళీ కడుపున వేసుకోకుండా రెండు ఇడ్లీ తిన్నాక వేసుకోండి. ఆ వారం గొడ్డుకారం, ఊరగాయ, మిర్చి బజ్జీ కాస్త పక్కన పెట్టండి (గుంటూరులో ఈ మాట అన్నానని కోప్పడొద్దు). కాఫీ, టీ కూడా తగ్గించండి, దడకి కెఫిన్ తోడైతే ఏది మందు వల్లో ఏది కాఫీ వల్లో మీకే తెలియదు.

వికారానికి మందుల షాపులో మీరే "గ్యాస్ బిళ్ళ" కొనుక్కోవడం మన ఊళ్లో మామూలే. వాటిలో చాలావాటిలో డోంపెరిడోన్ కలిసుంటుంది. అది, ఎసిటలోప్రామ్ రెండూ గుండె లయ మీద ప్రభావం చూపగలవి. వయసు పైబడినవాళ్లు, గుండె జబ్బున్నవాళ్లు ఈ రెండూ కలిపి వేసుకునే ముందు తప్పకుండా అడగాలి. అలాగే ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఒంట్లో ఎసిటలోప్రామ్ మోతాదుని పెంచుతాయి. గ్యాస్ బిళ్ళే కదా అని డాక్టరుకి చెప్పకుండా ఉండొద్దు.

ఈ మందులు వేడి చేస్తాయంటారు, నిజమేనా?

"వేడి చేసింది" అని మనవాళ్లు చెప్పేదాంట్లో నాకు నాలుగైదు విషయాలు వినిపిస్తాయి: చెమటలు, నోరు ఎండిపోవడం, మలబద్ధకం, కడుపులో మంట, నిద్ర లేకపోవడం. ఎస్ఎస్ఆర్ఐలకి చెమట ఎక్కువ పట్టించే గుణం నిజంగానే ఉంది, అందులోనూ మే నెలలో బెజవాడ ఎండ. మజ్జిగ, నీళ్లు బాగా తాగండి, మందు మాత్రం ఆపకండి.

కానీ అరవై దాటినవాళ్ల విషయంలో ఇది వేరే కథ. ఎస్ఎస్ఆర్ఐలు కొందరిలో రక్తంలో సోడియం తగ్గిస్తాయి, ముఖ్యంగా మొదటి వారాల్లో. బీపీకి వేసుకునే బిళ్ళ పేరు చివర "హెచ్" అని ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది, అదీ సోడియాన్ని తగ్గించేదే. రెండూ కలిస్తే పెద్దాయన మూడు రోజులుగా మబ్బుగా ఉంటున్నారు, మాట తడబడుతోంది, నడక తూలుతోంది అంటూ వస్తారు. ఇంట్లో వాళ్లు వడదెబ్బ అనుకుంటారు, లేదా వయసు అనుకుంటారు. మామూలు రక్తపరీక్ష చాలు తెలిసిపోవడానికి. మందు మొదలుపెట్టాక రెండు మూడు వారాల్లో సోడియం చూపించాలా అని అడగండి, ఇలాంటివాళ్లకి అది దండగ ఖర్చు కాదు.

పగలంతా మగతగా ఉంటోంది, బండి నడపొచ్చా?

క్లోనజిపామ్ ఒంట్లోంచి సగం పోవడానికే ముప్పై, నలభై గంటలు పడుతుంది. రాత్రి వేసుకున్నది పొద్దున్నకి దిగిపోయిందనుకోవడం పొరపాటు. గుంటూరు నుంచి రోజూ వారధి మీదుగా బండి మీద విజయవాడ ఆఫీసుకి వచ్చేవాళ్లున్నారు, వాళ్లకి చెప్పేదొకటే: మందు మొదలుపెట్టిన రోజుల్లో, డోసు పెంచిన రోజుల్లో బస్సు ఎక్కండి. మీకు మెలకువగా ఉన్నట్టే అనిపిస్తుంది, బ్రేకు మీద కాలు మాత్రం ఆలస్యంగా పడుతుంది.

ఎస్ఎస్ఆర్ఐ వల్ల మగతగా ఉంటే రాత్రికి, నిద్ర పట్టకపోతే పొద్దుటికి మార్చుకోవచ్చు. ఇది చిన్న మార్పే అయినా ఒకసారి ఫోన్ చేసి అడిగి మార్చండి.

ఇది అడగడానికి మొహమాటంగా ఉంది. పెళ్లాం మొగుళ్ల విషయంలో...

అడగండి. కౌంటర్ దగ్గర అందరూ వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. ఆడవాళ్లయితే అదీ అడగరు, ఊరికే మందు మానేస్తారు.

ఎస్ఎస్ఆర్ఐలతో కోరిక తగ్గడం, ఆలస్యం కావడం, తృప్తి లేకపోవడం చాలామందిలో ఉంటుంది. మగవాళ్లలోనూ, ఆడవాళ్లలోనూ. వికారంలాగా ఇది వారంలో పోదు, మందు వాడినంతకాలం ఉండొచ్చు. ఎక్కువమందికి మందు ఆపాక తిరిగి మామూలవుతుంది. ఆపాక కూడా మిగిలిపోయిన సందర్భాలు అరుదుగా నమోదయ్యాయి. డాక్టరు డోసు తగ్గించొచ్చు, వేరే జాతి మందుకి మార్చొచ్చు. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

డపాక్సెటిన్ అనే బిళ్ళ సొంతంగా కొనుక్కునేవాళ్లకి ఒక హెచ్చరిక. అదీ ఎస్ఎస్ఆర్ఐ జాతిదే. మీరు ఇప్పటికే ఎసిటలోప్రామ్ వాడుతుంటే దాని మీద ఇది వేసుకోకూడదు.

లావైపోతానా?

కొందరు కొన్ని కిలోలు పెరుగుతారు. పరాక్సెటిన్‌తో ఎక్కువ, మిర్టజపిన్ అనే వేరే రకంతో ఇంకా ఎక్కువ. నెలకోసారి తూకం చూసుకోండి. గాబరా తగ్గి ఆకలి తిరిగొచ్చి పెరిగిన బరువుని కూడా మందు ఖాతాలో వేస్తుంటారు.

ఒక పూట మర్చిపోయాను.

గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి పూట దగ్గరపడితే వదిలేయండి. రెండూ కలిపి వేసుకోవద్దు.

ఎప్పటికీ వాడాల్సిందేనా?

ఎక్కువమందికి అక్కర్లేదు. బాగైన తర్వాత కూడా కనీసం ఆరు నెలల నుంచి ఏడాది ఎస్ఎస్ఆర్ఐ కొనసాగించి, అప్పుడు మెల్లగా తగ్గించడం మామూలుగా జరిగేది. బాగైంది కదా అని రెండో నెలలోనే ఆపితే మళ్లీ వచ్చే అవకాశం పెరుగుతుంది. కొందరికి ఏళ్లు పడుతుంది, పదేపదే తిరగబెట్టేవాళ్లకి. థైరాయిడ్ బిళ్ళ జీవితాంతం వేసుకునేవాళ్లని ఎవరూ అలవాటుపడ్డారనరు, ఈ మందు దగ్గరికొచ్చేసరికి మాత్రం అందరికీ ఆ మాట వచ్చేస్తుంది.

అలవాటు పడటం, వ్యసనం ఒకటేనా?

కాదు. ఒళ్లు మందుకి అలవాటుపడి, ఆపితే ఇబ్బంది పెట్టడం ఒకటి. డాక్టరు చెప్పినట్టే బుద్ధిగా వేసుకున్నవాళ్లకీ అది జరుగుతుంది, వాళ్ల తప్పేం లేదు. మందు కోసం మనసు లాగడం, డోసు సొంతంగా పెంచుకుంటూ పోవడం, మూడు షాపులు తిరిగి కొనడం, ఇంట్లో దాచడం, దానివల్ల పనీ సంసారం పాడవుతున్నా ఆపలేకపోవడం, అది వ్యసనం. మొదటిదానికి మెల్లగా తగ్గించే ప్రణాళిక చాలు. రెండోదానికి అంతకంటే ఎక్కువ సాయం కావాలి. నిద్రకి ఒకటి సరిపోయేది, ఇప్పుడు రెండైనా చాలడం లేదు అన్న మాట వచ్చిన రోజే డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

మా అత్తయ్యగారు పదేళ్లుగా రాత్రిపూట ఆల్‌ప్రజోలం వేసుకుంటారు. రేపటి నుంచి ఆపించేయమంటారా?

దయచేసి ఆ పని చేయొద్దు. నేను ఈ మొత్తం రాసింది చదవకపోయినా ఈ జవాబు చదవండి.

ఏళ్లుగా బెంజోడయజిపైన్ వాడినవాళ్లకి ఒక్కసారిగా ఆపితే మూర్ఛ రావచ్చు. ప్రాణానికే ప్రమాదం. అంతదాకా పోకపోయినా నిద్ర పూర్తిగా పోవడం, వణుకు, చెమటలు, వెలుతురూ చప్పుడూ భరించలేకపోవడం, గాబరా రెట్టింపవడం ఉంటాయి. ఆల్‌ప్రజోలం ఒంట్లోంచి త్వరగా దిగిపోయే మందు కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే ఇది మొదలవుతుంది. కొడుకో కోడలో మంచి చేద్దామనే అట్ట దాచేస్తారు, మర్నాటికి ఆవిడ చేతులు వణుకుతూ ఉంటాయి. బీపీ పెరిగిందేమో అని ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు.

అలాగని ఉన్నదున్నట్టు వదిలేయడమూ సరికాదు. ఈ వయసులో ఈ బిళ్ళ వల్ల రాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం, మతిమరుపు పెరగడం ఉన్నాయి. కాబట్టి తగ్గించాలి, డాక్టరు లెక్క ప్రకారం తగ్గించాలి. ముందు ఆవిణ్ణి ఒప్పించండి. నిద్ర పోతుందేమో అన్న భయం ఆవిడకి నిజమైన భయం, "ఇన్నేళ్లూ మత్తు బిళ్ళలు మింగావు" అంటూ దెప్పితే ఒప్పుకోరు.

తగ్గించడం ఎలా ఉంటుంది?

ఇప్పుడు నిపుణులు సూచించే వేగం, ఉన్న డోసులో 5 నుంచి 10 శాతం చొప్పున, రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి. ఏళ్లుగా వాడినవాళ్లకి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. కొన్నిసార్లు డాక్టర్లు త్వరగా దిగే మందు నుంచి డయజిపామ్ లాంటి మెల్లగా దిగే మందుకి మార్చి, అక్కణ్ణుంచి తగ్గిస్తారు. చివరి కొస ఎక్కువ కష్టం. 0.25 దగ్గర "ఇంత చిన్న ముక్కకి ఏముందిలే" అని తీసి పారేసేవాళ్లు మళ్లీ మొదటికి వస్తారు.

మన ఊళ్లో అందరూ చేసే సొంత వైద్యం ఒకటుంది: రోజు విడిచి రోజు వేసుకోవడం. ఆల్‌ప్రజోలం లాంటి వాటికి ఇది పనికిరాదు. వేసుకున్న రోజు బాగుంటుంది, వేసుకోని రోజు నరకం, వారమంతా ఒళ్లు ఊగిసలాడుతుంది. రోజూ కాస్త తక్కువ వేసుకోవడమే పద్ధతి. బిళ్ళ విరగ్గొట్టాలంటే మధ్యలో గీత ఉందో లేదో చూడండి, ఎస్ఆర్ (మందుని మెల్లగా వదిలే రకం) అని రాసున్న వాటిని విరగ్గొట్టకూడదు, మందంతా ఒక్కసారే వదిలేస్తుంది. బిళ్ళ కోసే చిన్న కట్టర్లు షాపుల్లో దొరుకుతాయి.

ఎస్ఎస్ఆర్ఐకి మూర్ఛ భయం ఉండదు కానీ దాన్నీ దశలుగానే తగ్గించాలి. ఠక్కున ఆపితే రెండు మూడు రోజులకి కళ్లు తిరగడం, తల లోపల చిన్న కరెంటు షాక్ కొట్టినట్టుండటం, విచిత్రమైన కలలు, ఊరికే ఏడుపు, చిరాకు వస్తాయి. పరాక్సెటిన్‌కి ఇది ఎక్కువ. ఫ్లుయోక్సెటిన్ ఒంట్లో వారాల పాటు ఉంటుంది కాబట్టి తక్కువ.

ఆపాక మళ్లీ గాబరా మొదలైంది. జబ్బు తిరిగొచ్చినట్టా, మందు ఆపినందుకా?

ఎప్పుడు మొదలైందో చూడండి. డోసు తగ్గించిన కొన్ని రోజుల్లోనే వచ్చి, ఇంతకుముందెప్పుడూ లేని కరెంటు షాకులు, తల తిరుగుడు కూడా ఉంటే, మళ్లీ పాత డోసు వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటే, అది మందు ఆపినందుకు వచ్చిందే. వారాలు బాగుండి, తర్వాత మెల్లమెల్లగా పాత భయాలే, పాత ఆలోచనలే తిరిగొస్తే జబ్బు తలెత్తినట్టు. ఈ తేడా తెలియకే "నేనిక మందు లేకుండా బతకలేను" అన్న నిర్ణయానికి వచ్చేస్తారు. క్యాలెండర్ మీద తగ్గించిన తేదీ రాసుకోండి, పక్కనే ఎలా ఉందో ఒక మాట రాయండి. డాక్టరుకి మీ జ్ఞాపకం కంటే ఆ కాగితం ఎక్కువ పనికొస్తుంది.

మాల వేసుకుంటున్నాను, దీక్షలో మందులు ఆపాలా?

దసరా వెళ్లాక భవానీ దీక్షలు, ఆ వెంటనే అయ్యప్ప మాలలు, ఏటా ఆ రోజుల్లో ఈ ప్రశ్న వస్తుంది. ఆపొద్దు. దీక్షలో నలభై ఒక్క రోజులు మందు ఆపితే, అది భక్తి వల్ల వచ్చిన పరీక్ష అనుకుంటారు గానీ జరిగేది మందు దిగిపోవడమే. షుగర్ బిళ్ళ ఆపని గురుస్వామి ఈ బిళ్ళ ఆపమనరు, అడిగి చూడండి. ఒంటిపూట భోజనమైతే మందు ఆ భోజనం తర్వాతకి మార్చుకోవచ్చు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానానికి లేచేవాళ్లు రాత్రి క్లోనజిపామ్ మగతలో జారిపడకుండా చూసుకోండి.

ఆదివారం ఒక పెగ్గు వేసుకుంటే?

బెంజోడయజిపైన్‌తో అస్సలు వద్దు. రెండూ కలిసి శ్వాసని నెమ్మదింపజేస్తాయి, నిద్రలోనే ప్రాణం పోవచ్చు. పగలు మానేసి రాత్రికి మందు కొడతాను అన్న లెక్క క్లోనజిపామ్‌తో కుదరదు, అది ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఎస్ఎస్ఆర్ఐతో అంత ప్రమాదం లేకపోయినా మర్నాటి గాబరా రెట్టింపవుతుంది.

వేరే మందులతో గొడవుంటుందా?

ఉంటుంది, అదీ మీరనుకోని చోట. తామరకి ఇట్రాకొనజోల్ రాస్తుంటారు, ఈ ఉక్కకి తామర లేని ఇల్లు తక్కువ. అది ఆల్‌ప్రజోలం ఒంట్లోంచి పోకుండా అడ్డుపడుతుంది, చిన్న డోసే పెద్ద డోసులా పనిచేస్తుంది. ఈ రెండూ కలపకూడదు. చర్మ డాక్టరుకి మీ ఆల్‌ప్రజోలం సంగతి మీరు చెప్తేనే తెలుస్తుంది. క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ కూడా అంతే.

నొప్పులకి ట్రమడాల్ ఇంకా ప్రమాదం. బెంజోడయజిపైన్‌తో కలిస్తే శ్వాసకి, ఎస్ఎస్ఆర్ఐతో కలిస్తే సెరటోనిన్ అనే మెదడు రసాయనం మోతాదు మించిపోయే స్థితికి దారితీయొచ్చు. కోడీన్ ఉన్న దగ్గు మందు కూడా బెంజోడయజిపైన్‌తో వద్దు. మోకాళ్ల నొప్పులకి డైక్లోఫెనాక్, గుండెకి ఆస్పిరిన్ వాడేవాళ్లు ఎస్ఎస్ఆర్ఐ కూడా వాడితే కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది. నల్లగా విరేచనం అయితే ఆలస్యం చేయొద్దు.

దడకి మాత్రమే ప్రొప్రనలాల్ ఇచ్చారు. ఇదీ అలవాటవుతుందా?

మత్తు మందు కాదు, వ్యసనం కాదు. స్టేజి ఎక్కే ముందు, ఇంటర్వ్యూ ముందు వచ్చే దడకి, వణుకుకి పనికొస్తుంది. ఆస్తమా ఉన్నవాళ్లు వాడకూడదు. ఇన్సులిన్ తీసుకునే షుగర్ రోగుల్లో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడని ఇది కప్పేస్తుంది. రోజూ వాడేవాళ్లు ఇదీ ఠక్కున ఆపకూడదు. క్లోనజిపామ్‌తో కలిపిన బిళ్ళలూ ఉన్నాయి, మళ్లీ అట్ట వెనక్కి తిప్పి చూడండి.

గర్భం వచ్చింది, అన్నీ ఆపేశాను.

ఈరోజే మీ మానసిక వైద్యుల్నీ, గైనకాలజిస్టునీ కలవండి. కొన్ని మందులు మార్చాల్సి రావచ్చు, కొన్ని కొనసాగించడమే తల్లీబిడ్డలకి మంచిది కావచ్చు. ఒక్కసారిగా ఆపడం మాత్రం దేనికీ సరికాదు.

చీటీ లేకుండా పాత అట్ట చూపిస్తే ఎందుకివ్వరు? తెలిసినవాళ్లమే కదా.

ఆల్‌ప్రజోలం, డయజిపామ్ షెడ్యూల్ హెచ్1లో, అంటే అమ్మకం మీద గట్టి నిఘా ఉండే మందుల జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న ఈ నిబంధన ప్రకారం రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు, ఎన్నిచ్చామో వేరే రిజిస్టర్లో రాసి మూడేళ్లు ఉంచాలి. అట్ట మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉండేది అందుకే. చీటీ అడిగే షాపు మీద విసుక్కోకండి. అడగకుండా రెండు అట్టలు చేతిలో పెట్టే షాపు మీకు ఉపకారం చేస్తున్నట్టు కాదు. ఊరెళ్లేముందు చీటీ అయిపోతుందేమో చూసుకుని వారం ముందే రాయించుకోండి, బెంజోడయజిపైన్ వాడేవాళ్లకి మధ్యలో ఖాళీ రాకూడదు.

బిళ్ళలు లేకుండా తగ్గదా?

కొందరికి తగ్గుతుంది. సీబీటీ అనే మాటల చికిత్సకి ఆందోళన జబ్బుల్లో మంచి ఆధారాలున్నాయి, బెంజోడయజిపైన్ తగ్గించేటప్పుడు అది తోడుంటే విజయం ఎక్కువ. భయపడే పరిస్థితికి కొంచెం కొంచెంగా ఎదురెళ్లడం అందులో ముఖ్యమైన భాగం. ఒక సెషన్‌కి వెళ్లి "ఊరికే మాట్లాడి పంపించారు" అని మానేయకండి, అది వారాల తరబడి చేసే పని. తీవ్రంగా ఉన్నవాళ్లకి మందు, మాట రెండూ కావాలి.

డబ్బు లేదు, ఎక్కడ చూపించుకోవాలి?

విజయవాడ ప్రభుత్వ సర్వజనాసుపత్రి, గుంటూరు జీజీహెచ్, మంగళగిరి ఎయిమ్స్, మూడింట్లోనూ మానసిక వైద్య విభాగాలున్నాయి. పెద్దాసుపత్రిలో ఓపీ పొద్దున్నే, క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి. వెళ్లలేకపోతే టెలీ మానస్‌కి 14416 నంబర్‌కి ఫోన్ చేయండి. కేంద్రం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, తెలుగులో మాట్లాడతారు. "నరాల డాక్టరు" అని చెప్పుకుని వెళ్లినా పర్లేదు, చేరాల్సిన గదికి చేరితే చాలు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి?

మూర్ఛ వస్తే. మందు ఆపాక లేనివి కనపడటం, వినపడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం మొదలైతే. ఎన్ని బిళ్ళలు మింగారో తెలియనప్పుడు, లేపినా లేవనప్పుడు, ఊపిరి బాగా నెమ్మదించినప్పుడు. జ్వరం, కండరాలు బిగుసుకుపోవడం, వణుకు, అయోమయం అన్నీ కలిసొస్తే. చనిపోవాలనిపిస్తోంది అన్న మాట నోట్లోంచి వస్తే, అది బెదిరింపు అనుకోకుండా. 108కి ఫోన్ చేయండి, ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న అట్టలన్నీ, ఖాళీవి కూడా, ఒక కవర్లో వేసుకుని తీసుకెళ్లండి. చీటీ ఎక్కడుందో వెతుకుతూ కూర్చోవద్దు, అట్ట వెనక ఉన్న పేరు చూస్తే డ్యూటీ డాక్టరుకి సరిపోతుంది.